రోహిణి ఎండ, తొలకరి వాన, ఒక పాత స్పోర్ట్స్ కారు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, కారు తలుపు చుట్టూ ఉండే రబ్బరు మాత్రం ఆ ఎండకు నిజంగానే పగులుతుంది. ఆ పగులు మే నెలలో ఎవరి కంటా పడదు. మృగశిర కార్తె జల్లులు మొదలై, కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి ముక్కవాసన కొట్టినప్పుడు బయటపడుతుంది. అందుకే పాత కార్ల యజమానులు వానను తిడుతుంటారు. తిట్టాల్సింది ఎండను. పైకప్పు గుడ్డ, పక్క తెరలు, గ్లాసు రబ్బర్లు, తలుపు బీడింగులు: పాత స్పోర్ట్స్ కారును ఎండావానల నుంచి కాపాడే భాగాలు ఇవి. దక్కన్ పీఠభూమి మీద వీటిని బాగుచేయాలన్నా, మార్చాలన్నా మొట్టమొదట తెలుసుకోవాల్సిన విషయం ఒక్కటే. వీటిని పాడుచేసేది ఎండ, పాడైన సంగతి చాటేది వాన.

ఇంగ్లండు కారు, తిరుమలగిరి ఎండ

సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న తిరుమలగిరి కంటోన్మెంట్ ప్రాంతం. గట్టి పైకప్పు లేని బండ్లు ఈ రోడ్లకు కొత్త కాదు. సైన్యం వాహనాలనూ యంత్రాలనూ మరమ్మతు చేసే ఈఎంఈ దళం 1943లో ఏర్పడింది. ఆ దళానికి చెందిన మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ ఉన్నది తిరుమలగిరిలోనే. 1947 నుంచి మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపు, ఆ తర్వాత దాని వారసులు చాలావరకు కాన్వాస్ టాపు కిందే తిరిగాయి. మూసీకి అవతల చౌమహల్లా ప్యాలెస్‌లో ఇంకా పాత బండి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరిచ్చిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ అది. పసుపు రంగు బాడీ కట్టినది లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ. ఆ కారు ఇప్పటికీ మెరుస్తోందంటే దాని నెత్తిన ప్యాలెస్ కప్పు ఉంది మరి. మామూలు యజమాని దగ్గరున్న పాత స్పోర్ట్స్ కారుకు ఆ భాగ్యం లేదు. దాని గుడ్డా, దాని రబ్బరే దానికి దిక్కు.

స్పోర్ట్స్ కారంటే పాతకాలపు అర్థంలో తేలికగా, ఇద్దరు కూర్చునేలా, టాపు తీసేసి నడుపుకునేలా ఉండే బండి. ఎంజీ టీడీ, జాగ్వార్ ఎక్స్‌కే 120, ఎంజీఏ, ఎంజీబీ ఈ కోవలోవే. ఇవన్నీ ఇంగ్లండులో, ఇంగ్లండు వాతావరణం కోసం పుట్టినవి. లండన్‌లో ఏడాదికి పడే వాన దాదాపు 600 మిల్లీమీటర్లు. అది పన్నెండు నెలలూ చినుకుచినుకుగా పడుతుంది. మనకు పడేది అంతకంటే మరీ ఎక్కువేమీ కాదు, 800 మిల్లీమీటర్ల చిల్లర. కానీ అందులో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కుమ్మరిస్తుంది. తిరుమలగిరికి దగ్గరలోనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రంలో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 241.5 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. రెండు సీట్ల కారు టాపు సుమారు రెండు చదరపు మీటర్లుంటుందనుకుంటే, ఆ రోజు దాని మీద పడే నీరు 480 లీటర్లు. అంటే 200 లీటర్ల పీపాలు రెండు నిండి, ఇంకా మిగులుతుంది.

ఇదే ఊళ్లో 1966 జూన్ 2న ఎండ 45.5 డిగ్రీలకు చేరింది. 40 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు లోపల గాలి 60 డిగ్రీలు దాటుతుంది. ఎండ నేరుగా తగిలే నల్ల రబ్బరు ఇంకా వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 30 డిగ్రీల దగ్గర మెల్లగా సాగే క్షయం 70 డిగ్రీల దగ్గర పదహారు రెట్ల వేగంతో సాగుతుంది. ఇంగ్లండులో ఇరవై ఏళ్లు నిలిచే బీడింగ్ ఇక్కడ నాలుగైదేళ్లకే బెరడులా తయారవుతుందంటే ఆశ్చర్యమేముంది?

రబ్బరు ఎందుకు పగులుతుంది?

సహజ రబ్బరు అణువు చాలా పొడవైన గొలుసు. ఆ గొలుసులో వరసగా కార్బన్ పరమాణువులు, మధ్యమధ్యలో ద్విబంధాలు ఉంటాయి. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడకుండా కుప్పగా పడి ఉంటాయి. అందుకే అది వేడికి జిగురుగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేసి ఈ లోపాన్ని పోగొట్టాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడా అదే పద్ధతిని చేపట్టాడు. 1844కల్లా రెండు దేశాల్లోనూ పేటెంట్లు వచ్చాయి. గంధకం చేసే పని గొలుసుల మధ్య అడ్డముళ్లు వేయడం. విడి నులకను నేల మీద కుప్పపోస్తే దాని మీద ఎవరూ కూర్చోలేరు. అదే నులకను మంచానికి అల్లితే మనిషి బరువుకు కిందికి వంగుతుంది, మనిషి లేవగానే మళ్లీ పైకి వస్తుంది. వల్కనైజ్ చేసిన రబ్బరు అలాంటి అల్లిక. కారు తలుపు వేయగానే బీడింగ్ నలిగి సందు మూయడానికీ, తెరవగానే మళ్లీ ఉబ్బడానికీ ఈ గుణమే కారణం.

అల్లిన మంచమైనా ఏళ్ల తరబడి ఒకే చోట బరువు మోస్తే కుంగిపోతుంది కదా. బీడింగ్ కూడా అంతే. ఏళ్లకేళ్లు మూసిన తలుపు కింద నలిగి ఉంటే, వేడికి పాత ముళ్లు తెగి, నలిగిన స్థితిలోనే కొత్త ముళ్లు పడతాయి. ఇక తలుపు తెరిచినా అది పైకి లేవదు. పైకి చూస్తే బీడింగ్ ఒక్క పగులూ లేకుండా నున్నగా ఉంటుంది. నీళ్లు మాత్రం యథేచ్ఛగా లోపలికి వస్తాయి. షెడ్డులో కదలకుండా పడి ఉన్న కార్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇది.

రెండో శత్రువు ఓజోన్. ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఓజోన్ వేరు. ఇది నేల మట్టాన పుట్టేది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల మీద, ఇంధన ఆవిర్ల మీద ఎండ పడితే తయారవుతుంది. పది కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాల ఓజోన్ ఉన్నా సహజ రబ్బరుకు చేటే. అది నేరుగా ద్విబంధాన్ని పట్టుకుని గొలుసును తెంపుతుంది. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. సాగకుండా వదులుగా ఉన్న రబ్బరును ఓజోన్ పైపైన తాకి వదిలేస్తుంది. కాస్త సాగదీసి బిగించిన రబ్బరునైతే లోతుగా కోస్తుంది. తెగిన చోట రబ్బరు రెండు పక్కలకూ లాగుకుపోవడంతో అడుగున కొత్త రబ్బరు బయటపడుతుంది, ఓజోన్ దాన్నీ తెంపుతుంది. అందుకే ఈ పగుళ్లు ఎప్పుడూ రబ్బరు సాగిన దిశకు అడ్డంగా ఉంటాయి.

దీన్ని మీరే చూడవచ్చు. పాత కారు తలుపు తెరిచి, బీడింగ్ మూల తిరిగే చోటును వేళ్లతో మెల్లగా మడవండి. తిన్నగా ఉన్నప్పుడు నల్లగా నున్నగా కనబడిన చోట, బీడింగ్‌కు అడ్డంగా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వరసగా తెరుచుకుంటాయి. గోటితో గీకితే నల్లటి మసి అంటుతుంది. ఆ మసి రబ్బరులో కలిపిన కార్బన్ పొడి. రబ్బరుకు బలం ఇవ్వడానికీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలను తానే పీల్చుకుని లోపలి రబ్బరును కాపాడటానికీ దాన్ని కలుపుతారు. పైపొర చచ్చి రాలిపోతోందన్న దానికి ఆ మసే గుర్తు. మూలల దగ్గరే పగుళ్లు ముందు ఎందుకు వస్తాయో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. వంపు తిరిగే చోట బయటి అంచు సాగి ఉంటుంది కాబట్టి.

ఇక ఆ అతినీలలోహిత కిరణాల బలం ఎంత? 300 నానోమీటర్ల కిరణానికి ఒక మోల్‌కు 400 కిలోజౌళ్ల దాకా శక్తి ఉంటుంది. రెండు కార్బన్ పరమాణువుల మధ్య మామూలు బంధం తెగడానికి కావలసింది దాదాపు 350. అంటే మధ్యాహ్నపు ఎండలో ఆ బంధాన్ని తెంపగల సత్తా ఉంది. గుడ్డ, రబ్బరు, ప్లాస్టిక్, ఏదీ దీనికి మినహాయింపు కాదు. ఎంత కాలం ఓర్చుకుంటాయన్నదే తేడా.

రెండు గుడ్డల మధ్య రబ్బరు

టాపు గుడ్డ చరిత్ర కార్ల కంటే పాతది. 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. వానకోటు అలా పుట్టింది. ఇప్పటికీ మంచి రకం కారు టాపు గుడ్డలో ఉన్నవి అవే మూడు పొరలు. పైన రంగు గుడ్డ, మధ్యలో రబ్బరు పొర, లోపల నూలు లేదా పాలిస్టర్ గుడ్డ. మారినవి పదార్థాలు. పైపొరకు ఇప్పుడు యాక్రిలిక్ దారం వాడుతున్నారు. ఆ దారాన్ని తీసేటప్పుడే రంగును లోపల కలిపేస్తారు కాబట్టి ఎండకు అంత త్వరగా వెలవదు. మధ్య పొర బయటి వెలుగు తగలకుండా రెండు గుడ్డల చాటున ఉంటుంది. ఎండ నుంచి రబ్బరును కాపాడే ఉపాయం ఆ అమరికలోనే ఉంది.

జీపు కాన్వాస్ తీరు వేరు. అందులో రబ్బరు పొర ఉండదు. ఒత్తుగా నేసిన నూలు గుడ్డకు మైనం లాంటిది పట్టిస్తారు. నూలు పోగు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బి నేత సందులను మూసేస్తుంది. మిగిలిన సన్న రంధ్రాల దగ్గర తలతన్యత నీటిని నిలిపి ఉంచుతుంది. ఇలాంటి టాపు కింద కూర్చుని వానలో లోపలి వైపు వేలితో తాకితే, తాకిన చోటి నుంచి నీరు కారడం మొదలవుతుంది. రంధ్రం నోటి దగ్గర ఆగి ఉన్న నీటి పొరను వేలు తెంపేస్తుంది, వెనకాల నీరు ఆ దారినే దిగుతుంది. అందుకే కాన్వాస్ టాపు ఇనుప కమానులకు వేలాడకుండా బిగుతుగా ఉండాలి. కమాను ఒరుసుకునే చోట మందపాటి పట్టీ వేయాలి.

మూడో రకం మనకు బాగా తెలిసిన రెగ్జిన్, అంటే పీవీసీ పూసిన గుడ్డ. పీవీసీ పుట్టుకతో గట్టి పదార్థం. దాన్ని నూనెల్లాంటి ద్రవాలతో మెత్తబరిచే మార్గాన్ని 1926లో అమెరికాలో వాల్డో సీమన్ కనిపెట్టాడు. ఆ ద్రవం పీవీసీతో రసాయన బంధంలో ఉండదు, గొలుసుల మధ్య ఇమిడి ఉంటుంది. కాబట్టి వేడికి మెల్లమెల్లగా ఆవిరై పోతుంది. కొత్త కారులో వచ్చే వాసనకు, అద్దం లోపలి వైపు పట్టే జిడ్డు పొరకు ఇదీ ఒక కారణం. ద్రవం పోయిన రెగ్జిన్ కుంచించుకుని, గట్టిపడి, మడత మీద పగులుతుంది. 1950ల మధ్యకల్లా ఫోర్డ్, జనరల్ మోటార్స్ మన దేశంలో కార్ల బిగింపు మానేశాయి. విదేశీ బండ్ల విడిభాగాలు రావడం గగనమైంది. ఆ రోజుల నుంచి పాత స్పోర్ట్స్ కార్లను రోడ్డు మీద నిలిపింది మన కుషన్ షాపులవాళ్లే. చిరిగిన టాపును విప్పి, దాన్నే నమూనాగా పెట్టుకుని రెగ్జిన్ కత్తిరించి కొత్తది కుట్టిచ్చారు. వాళ్ల చేతిపనికి వంక పెట్టలేం. గుడ్డ మాత్రం మన ఎండకు తగినది కాదు. స్థోమత ఉంటే రెగ్జిన్ బదులు మూడు పొరల గుడ్డనే ఎంచుకోవాలి.

కుట్టు సంగతి వేరుగా చెప్పుకోవాలి. గుడ్డ ఎంత మంచిదైనా సూది పడ్డ ప్రతి చోటా చిల్లే. నూలు దారం తడికి ఉబ్బి ఆ చిల్లును పూడుస్తుంది, కానీ బూజు పట్టి కుళ్లుతుంది. పాలిస్టర్ దారం కుళ్లదు, అయితే ఉబ్బదు. అందుకే లోపల పాలిస్టర్, పైన నూలు చుట్టిన దారం దొరికితే టాపులకు అదే మేలు. దొరక్కపోతే పాలిస్టర్ దారంతో కుట్టి, కుట్టు వెంట లోపలి వైపు నుంచి సీలర్ పూయాలి. నైలాన్ దారం చూడటానికి బలంగా ఉన్నా ఎండకు త్వరగా నీరసిస్తుంది.

గుడ్డ నుంచి రబ్బరు దాకా

1949 చివర మొదలై 1953 దాకా తయారైన ఎంజీ టీడీకి పైకి కిందికి కదిలే కిటికీ అద్దాలు లేవు. తలుపు మీద గుచ్చి నిలిపే పక్క తెరలు ఉండేవి. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే 120 రోడ్‌స్టర్‌కు తలుపు బయట పిడి కూడా లేదు. పక్క తెరకున్న మూత ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీయాలి. 1955 నాటి ఎంజీఏ రోడ్‌స్టర్‌కు కూడా ఇదే పద్ధతి. 1962లో ఎంజీబీ వచ్చేసరికి తిప్పితే లేచే అద్దాలు వచ్చాయి. అప్పటిదాకా నీటిని ఆపే భారం గుడ్డ మీద ఉండేది. అక్కడి నుంచి రబ్బరు మీదికి మారింది. మీ కారు ఈ మార్పుకు అటుదో ఇటుదో తెలిస్తే, మొదట ఎక్కడ చూడాలో తెలిసినట్టే.

పాత తెరల కిటికీల్లో సెల్యులాయిడ్ వాడేవారు. నైట్రోసెల్యులోజ్‌ను కర్పూరంతో కలిపి చేసే పదార్థం అది. కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, ఆమ్లం విడుదల చేస్తూ తనను తానే తినేస్తుంది, సులువుగా అంటుకుంటుంది కూడా. తర్వాత వచ్చిన పారదర్శక పీవీసీ అంత ప్రమాదకరం కాదు గానీ, ఎండకు హైడ్రోజన్ క్లోరైడ్ కోల్పోయి అదీ పసుపెక్కుతుంది. పసుపెక్కిన కిటికీని పాలిష్‌తో తెల్లబరచలేం, రంగు మారింది లోపలి అణువులే కాబట్టి. మారిస్తేనే చూపు తిరిగి వస్తుంది. గీతలు పడి మసకబారితే మాత్రం పాలిష్ పనిచేస్తుంది. కొత్త కిటికీ వేశాక టాపును వెనక్కి మడిచినప్పుడు కిటికీ ముడత పడకుండా మధ్యలో మెత్తని గుడ్డ పెట్టాలి.

నీరు పోయే దారి

నీరు లోపలికి రావడానికి పెద్ద చిల్లే ఉండక్కర్లేదు. రెండు రేకులు దగ్గరగా ఉన్న సన్న సందులోకి కేశనాళికీయత వల్ల నీరు తనంతట తానే పాకుతుంది, పైకి కూడా ఎక్కుతుంది. బండి నడుస్తుంటే గాలి తోడవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి దాదాపు మూడు సెంటీమీటర్ల ఎత్తు నీటి మట్టం ఒత్తిడికి సమానం. అదే సమయంలో టాపు పైన ఒత్తిడి తగ్గి, గుడ్డ బెలూన్‌లా ఉబ్బి, ముందు అంచు బీడింగ్ మీద నుంచి లేస్తుంది. నిలిపి ఉంచి నీళ్లు కొడితే చుక్క కారని కారు, బోయిన్‌పల్లి దాటి హైవే ఎక్కేసరికి కారుతుందంటే కారణం ఇదే.

తలుపు సంగతిలో చాలామంది పొరపడతారు. తలుపు లోపలి భాగం తడవకూడదని అనుకుంటారు. అద్దం పైకి కిందికి తిరిగే తలుపు తయారైందే లోపల తడిసేలా. అద్దం వెంట దిగిన నీరు తలుపు అడుగున ఉన్న చిన్న చిల్లుల గుండా కిందికి పోవాలి. లోపలి అట్ట తడవకుండా మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. పాత మరమ్మతుల్లో ఆ పొరను చింపి పారేయడం, అడుగు చిల్లులను పుట్టీతోనో పెయింటుతోనో మూసేయడం తరచూ జరుగుతుంది. కంటోన్మెంట్ చెట్ల నీడన నిలిపే కార్లకు ఇంకో బెడద ఉంది. చింత, నిద్రగన్నేరు, వేప రాల్చే సన్నని ఆకులు అద్దం సందులోంచి జారి, అడుగున చేరి, మట్టితో కలిసి చిల్లులను పూడ్చేస్తాయి. నీరు నిలుస్తుంది. నిలిచిన చోట ఇనుము లోపలి నుంచి తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే రేకు ఉబ్బి రంగు లేస్తుంది. బయట బుడగ కనబడేసరికి లోపల రేకు పోయినట్టే. ఎంజీ టీడీ లాంటి బండ్లకు ఇంకా పెద్ద ముప్పు. వాటి రేకుల వెనక ఉన్న చట్రం యాష్ కలపతో చేసినది. ఆ కలప తడి పీల్చి కుళ్లితే తలుపులు కుంగుతాయి. తలుపు కుంగితే ఎంత మంచి బీడింగ్ వేసినా ఆనదు.

కాబట్టి కొత్త రబ్బరు కొనడానికి ముందు మూడు పరీక్షలు చేయాలి. మొదటిది కాగితం పరీక్ష. నోటు వెడల్పున్న కాగితం ముక్కను బీడింగ్ మీద పెట్టి తలుపు వేయండి. లాగితే బిగువుగా రావాలి. జారిపోతే అక్కడ పట్టు లేనట్టు. చుట్టూ జానెడు దూరానికొక చోట ఇలా చూడాలి. రెండోది సుద్ద పరీక్ష. బీడింగ్ నిండా సుద్ద రాసి, తలుపు వేసి తీస్తే ఆనిన చోట రేకు మీద గీత పడుతుంది, తెగిన చోట ఆనలేదన్నమాట. మూడోది నీటి పరీక్ష. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు గొట్టంతో మెల్లగా నీరు పోయాలి. కింది అంచుతో మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో తెలియదు, కారిన చోటొకటి, దూరిన చోటొకటి అవుతుంది. తలుపు కీలు సరిగా లేక కారుతుంటే రబ్బరు మార్చి లాభం లేదు. ముందు తలుపు సరిచేయాలి.

ఏ రబ్బరు వేయాలి?

1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఇథిలీన్, ప్రొపిలీన్‌లను కలిపి గొలుసులు కట్టే ఉత్ప్రేరకాలను కనిపెట్టినందుకు కార్ల్ జీగ్లర్, జూలియో నట్టాలకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈపీడీఎం వెన్నెముక లాంటి ప్రధాన గొలుసులో ద్విబంధాలు ఉండవు. ముళ్లు వేయడానికి కావలసిన కొద్దిపాటి ద్విబంధాలు పక్కకు వేలాడే కొమ్మల్లో ఉంటాయి. ఓజోన్ వచ్చి ఆ కొమ్మను తెంపినా గొలుసు తెగదు. అందుకే తలుపులకు, డిక్కీకి, గ్లాసులకు ఈపీడీఎం వేయించడం మన ఎండకు తగిన పని. దానికీ ఒక బలహీనత ఉంది. పెట్రోలు, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. ఇంజన్ వైపు ఆయిల్ చిందే చోట నియోప్రీన్ అనే రబ్బరు మేలు.

పాత బీడింగ్‌ను పీకి పారేయకండి. ముక్క కోసి, అడ్డకోతను కాగితం మీద పెట్టి గీయండి. ఎత్తు, వెడల్పు, పెదవి మందం కొలిచి రాసుకోండి. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట్ల మీటర్ల లెక్కన దొరికే బీడింగ్‌లో దగ్గర ఆకారం దొరకవచ్చు. అయితే ఆకారంతో పాటు మెత్తదనమూ కలవాలి. మరీ గట్టి బీడింగ్ వేస్తే తలుపు గట్టిగా బాదాల్సి వస్తుంది. ఆ దెబ్బలకు పాత కీళ్లు, కలప చట్రం వదులవుతాయి. వేసేటప్పుడు సాగదీయకూడదు. పైన చెప్పుకున్నట్టు సాగిన రబ్బరునే ఓజోన్ పట్టుకుంటుంది, పైగా సాగదీసి అతికించింది వారంలోనే మూలల దగ్గర కుంచించుకుపోతుంది. కాస్త ఎక్కువ పొడవు ఉంచి, నెట్టుకుంటూ వేసి, అతుకు తలుపు కింది వైపు వచ్చేలా చూసుకోవాలి. కింద తుప్పు ఉంటే గీకి, ప్రైమర్, పెయింటు పూర్తయి ఆరాకే రబ్బరును అతికించే సొల్యూషన్ రాయాలి.

గ్లాసు రబ్బరు వేయడం చూడదగ్గ పని. ఎంజీబీ జీటీ, స్టాండర్డ్ హెరాల్డ్, ఫియట్, అంబాసిడర్ లాంటి గట్టి కప్పు కార్లలో గ్లాసు చుట్టూ రబ్బరు తొడిగి, రేకు అంచు కూర్చోవాల్సిన గాడిలో చుట్టూతా ఒక సన్నని తాడు పెడతారు. తాడు రెండు కొసలూ లోపలికి వదిలి, బయటి నుంచి గ్లాసును చట్రానికి ఆనించి ఒకరు అరచేత్తో అదిమి పట్టుకుంటారు. సబ్బు నీళ్లు రాస్తారు. లోపలున్న మనిషి తాడు కొస పట్టుకుని మెల్లగా లాగుతుంటే, రబ్బరు పెదవి అంగుళం అంగుళంగా రేకు అంచు మీదుగా లోపలికి దొర్లుతుంది. తాడు మొత్తం బయటికి వచ్చేసరికి గ్లాసు కూర్చుంటుంది. ఎక్కడా సుత్తి అక్కర్లేదు. తొందరపడి లాగితే పెదవి చిరుగుతుంది, బయటి చెయ్యి గతి తప్పితే గ్లాసు బీటలిస్తుంది. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదలాలి.

ఎండ మనకు సాయపడే సందర్భం ఒక్కటే, టాపు గుడ్డ వేయడం. గుడ్డను గంటసేపు ఉదయపు ఎండలో పరిచి, ముడతలు పోయి మెత్తబడ్డాక కమానుల మీద వేయాలి. మధ్య గీతను ముందు కుదిర్చి, అక్కడి నుంచి రెండు పక్కలకూ సమానంగా లాగి, టిచ్ బటన్లకు గుర్తులు పెట్టాలి. బటన్ చిల్లు ఒకసారి పడితే పూడదు, అందుకే బట్టల క్లిప్పులతో బిగించి, తలుపులు వేసి, అద్దాలు ఎత్తి అన్నీ సరిపోయాయని చూశాకే చిల్లు వేయాలి.

అసలుతనం మాట

2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పాత వాహనాలకు నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసిన బండి దీనికి పనికిరాదు. బీడింగ్, గ్లాసు రబ్బరు, టాపు గుడ్డ మార్చడం ఆ మార్పుల కిందికి రాదు. ఇవి అరిగిపోవడానికే పుట్టిన భాగాలు. తాము అరిగి ఇనుమునూ కలపనూ కాపాడటమే వీటి పని. కాబట్టి రబ్బరు అసలుదే ఉండాలని పట్టుబట్టి బాడీని తుప్పుకు బలివ్వడం కంటే, ఆకారం అసలుదే ఉంచి పదార్థం మార్చడం ఎన్నో రెట్లు మంచిది. ఒక్క జాగ్రత్త: పాత ముక్కలను తేదీ రాసిన సంచిలో భద్రపరచండి. రేపు ఈ కారును చూసుకునేవారికి అసలు కొలత అక్కడే దొరుకుతుంది.

నిలబెట్టుకోవడం

మార్చిన భాగాల ఆయుష్షు సగం మన అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. రబ్బరు మెరుపు కోసం కిరసనాయిలు, డీజిలు గుడ్డతో తుడవడం చాలా చోట్ల చూస్తాం. అది రబ్బరును ఉబ్బించి కుళ్లబెడుతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. తడి టాపును ఎప్పుడూ మడవకూడదు, బూజు నూలును తినేస్తుంది. కారు నిలిపినప్పుడు టాపు ఎత్తి బిగుతుగా ఉంచాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే నేలలోంచి లేచిన తేమ లోపలే చిక్కుకుంటుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వాడాలి, దాన్ని కూడా నీడలోనే. నెలకోసారి తలుపులు కాసేపు తెరిచి ఉంచితే నలిగిన బీడింగ్‌కు ఊపిరాడుతుంది. తలుపు అడుగు చిల్లుల్లో సన్న తీగ ఆడించి ఆకులు తీసేయడం పది నిమిషాల పని.

వీటన్నిటికీ సరైన కాలం మార్చి, ఏప్రిల్ నెలలు. అప్పటికి గాలిలో తేమ తగ్గుతుంది, పెయింటూ సొల్యూషనూ చక్కగా ఆరతాయి, కుషన్ షాపులవాళ్ల చేతిలో కాస్త తీరిక ఉంటుంది. జూన్‌లో కారడం మొదలయ్యాక పరుగెత్తితే తడి రేకు మీదే రబ్బరు అతికించాల్సి వస్తుంది, ఆ అతుకు నిలవదు. మీ దగ్గర పాత కారు ఉంటే ఈ ఏప్రిల్‌లోనే కాగితం ముక్క, సుద్ద ముక్క, నీళ్ల గొట్టం పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరగండి. బీడింగ్ మళ్లీ కొనుక్కోవచ్చు. కుళ్లిన చట్రాన్ని, తుప్పు తిన్న బాడీని అదే రూపంలో తిరిగి తెచ్చుకోవడం మాత్రం చాలా కష్టం.